సర్వీస్ రికార్డులో తప్పు పడిందా? ఏ తప్పు ఎక్కడ సరి అవుతుంది: మాజీ సైనికులు, రిటైర్డ్ ఆఫీసర్లు, వారి కుటుంబాల కోసం

నర్సింహులపేట మండలంలో, చుట్టుపక్కల దంతాలపల్లి, మరిపెడ, తొర్రూరు వైపు ఉన్న మాజీ సైనిక కుటుంబాల కోసం ఈ పీడీఎఫ్. జవాన్‌గా దిగినా, సుబేదార్‌గా దిగినా, కమిషన్డ్ ఆఫీసర్‌గా రిటైర్ అయినా ఇందులో చెప్పిన పద్ధతి చాలావరకు ఒకటే. ఎక్కడ తేడా ఉందో అక్కడ విడిగా రాశాం.

సైనిక సంక్షేమ కార్యాలయానికి గుర్తింపు కార్డు కోసమో, పిల్లల చదువు సాయం కోసమో, బిడ్డ పెళ్లి సాయం కోసమో పోతే దరఖాస్తు వెనక్కి వచ్చేది ఎక్కువగా ఒక్క కారణంతోనే: "రికార్డులో వివరాలు కలుస్త లేవు." భార్య పేరు ఒక చోట ఒక తీరు, ఇంకో చోట ఇంకో తీరు. పుట్టిన తేదీ రెండు రకాలు. బిడ్డ పేరు అసలే లేదు. అక్కడినుంచి మనిషి తిరుగుడు మొదలవుతుంది. మీసేవకు, నోటరీకి, ఆధార్ కేంద్రానికి, మళ్లీ మీసేవకు. ఆరు నెలలు తిరిగినా పని కాదు. కారణం ఏందంటే, తప్పు ఒక ఆఫీసులో పుట్టింది, మనం ఇంకో ఆఫీసులో దిద్దిస్తున్నాం.

అందుకే మొదట తెలుసుకోవాల్సింది ఫారం ఏది, ఫీజు ఎంత అని కాదు. తప్పు ఏ కాగితంలో పుట్టింది?

ముందు ఇంట్లో కూర్చుని చేసే పని

నాలుగు కాగితాలు పక్కపక్కన పెట్టండి. ఒకటి డిశ్చార్జి బుక్. ఆఫీసర్లకైతే రిటైర్మెంట్ ఆర్డర్, దానితో వచ్చిన కాగితాలు. రెండోది పీపీఓ, అంటే పెన్షన్ పేమెంట్ ఆర్డర్. తర్వాత ఎప్పుడైనా కొరిజెండం పీపీఓ వచ్చి ఉంటే అది కూడా. మూడోది స్పర్శ్ పోర్టల్‌లో మీ ప్రొఫైల్ పేజీ ప్రింటు. నాలుగోది ఆధార్, మీది, మీ భార్యది, పిల్లలది.

ఒక తెల్ల కాగితం మీద గీతలు గీసి మీ సర్వీస్ నంబరు, పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, దిగిన తేదీ, ర్యాంకు, భార్య పేరు, ఆమె పుట్టిన తేదీ, పెళ్లి తేదీ, పిల్లల పేర్లు, వాళ్ల పుట్టిన తేదీలు రాయండి. ఒక్కో కాగితంలో ఎలా ఉందో అక్షరం అక్షరం అలాగే దింపండి. సర్వీస్ నంబరు చివర ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది, అది కూడా చూడండి. ఆ ఒక్క అక్షరం తప్పు పడితే కంప్యూటర్‌కు మీరు వేరే మనిషే.

గంట పని ఇది. చేశాక తప్పు ఎక్కడ మొదలైందో మీకే కనిపిస్తుంది. డిశ్చార్జి బుక్‌లో సరిగానే ఉండి పీపీఓలో తప్పు ఉంటే, తప్పు పెన్షన్ మంజూరు దగ్గర జరిగింది. డిశ్చార్జి బుక్, పీపీఓ రెండూ సరిగా ఉండి స్పర్శ్‌లో తప్పు ఉంటే, పాత లెక్కలు కొత్త పోర్టల్‌లోకి ఎక్కించేటప్పుడు జరిగిన తప్పు. 30 లక్షలకు పైగా పెన్షనర్ల లెక్కలు అందులోకి పోయినయి, పొరపాట్లు పడకుండా ఉండవు. డిశ్చార్జి బుక్‌లోనే తప్పు ఉంటే అది రికార్డ్ ఆఫీసు పుస్తకంలోనే ఉన్నట్టు. మూడూ ఒకే తీరుగా ఉండి ఆధార్ ఒక్కటే వేరుగా ఉంటే, సైన్యం వాళ్లతో మీకు పని లేదు, ఆధార్‌నే సరిచేసుకోవాలి.

తప్పులా కనిపించేది, కానీ తప్పు కానిది

మన దగ్గర చాలామంది అనవసరంగా ఆగమయ్యేది ఊరి చిరునామా దగ్గర. డిశ్చార్జి బుక్‌లో "నర్సింహులపేట మండలం, వరంగల్ జిల్లా, ఆంధ్రప్రదేశ్" అని ఉంటది. ఆధార్‌లో "మహబూబాబాద్ జిల్లా, తెలంగాణ" అని ఉంటది. తెలంగాణ వచ్చింది 2014 జూన్ 2న. మహబూబాబాద్ జిల్లా అయింది 2016 అక్టోబర్ 11న. దంతాలపల్లి వాళ్లకు ఇంకో మెలిక, అప్పటిదాకా నర్సింహులపేట మండలంలో ఉన్న ఊరు మండల కేంద్రమైంది. అంటే మీరు దిగిననాడు రాసింది ఆనాటికి నిజమే. దాన్ని దిద్దమని ఎవరికీ అర్జీ పెట్టొద్దు, అఫిడవిట్ చేయించొద్దు. ఇప్పటి చిరునామాను స్పర్శ్‌లో మార్చుకుంటే చాలు. ఎవరైనా గుమస్తా అడిగితే జిల్లాల విభజన సంగతి చెప్పండి. మీ ఇంటి చిరునామా ఉన్న ఆధార్ చూపించండి.

ఇంటిపేరు సంగతీ కొంత ఇట్లాంటిదే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఉత్తరాది వాళ్లు వెనక రాస్తారు. భర్తీ రోజు రాసుకున్న క్లర్క్ ఇంటిపేరును ఒక్క అక్షరం చేసి వదిలేసి ఉంటాడు, లేదా అసలు రాయకపోయి ఉంటాడు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటది. ఇంటిపేరు పొడవుగా ఒకచోట, పొట్టిగా ఒకచోట ఉన్నంత మాత్రాన పేరు మార్పిడి, గెజిట్ దాకా పోనవసరం లేదు. "ఈ రెండు పేర్లూ ఒక్క మనిషివే" అనే అఫిడవిట్‌తో చాలా పనులు అవుతాయి. కానీ జీవన్ ప్రమాణ్ దగ్గర పేరు తేడాతో ప్రతి సంవత్సరం ఆగిపోతుంటే మాత్రం ఒక్కసారి కష్టపడి రికార్డులోనే సరిచేయించుకోవడం మంచిది.

అన్నిటికంటే ముందు భార్య వివరాలు

ఓపిక, డబ్బు, సమయం ఒక్క పనికే సరిపోతాయంటే ఈ పనే చేయండి. మిగతావి తర్వాత.

మీరు ఉన్నన్ని రోజులు భార్య పేరులో తప్పు ఉన్నా మీ పెన్షన్ ఆగదు. అందుకే ఎవరికీ తొందర ఉండదు. మీరు పోయిననాడు ఆ తప్పు ఆమె నెత్తిన పడుతుంది. ఫ్యామిలీ పెన్షన్ కోసం ఆమె డెత్ సర్టిఫికెట్ పట్టుకుని పోతే, పీపీఓలో "లచ్చమ్మ" అని, ఆధార్‌లో "లక్ష్మి" అని ఉంటే, ఈ ఇద్దరూ ఒకరేనని రుజువు చేయాల్సింది ఆమె. మీరు బతికి ఉండగా అదే పని ఒక్క సంతకంతో అయిపోయేది, ఎందుకంటే పెళ్లి చేసుకున్నది మీరు, సాక్ష్యం చెప్పేది మీరు.

మన పేర్లు సైన్యం రిజిస్టర్లో ఎట్లా మారుతాయో మనకు తెలిసిందే. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, బడిలో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి. లక్ష్మి అనే ఒక్క పేరునే ఇంగ్లిష్‌లో ఒకరు ఎక్స్ పెట్టి రాస్తారు, ఇంకొకరు కే ఎస్ హెచ్ పెట్టి రాస్తారు. నర్సమ్మ, నరసమ్మ, నర్సింహమ్మ ఒకరే కావచ్చు. జబల్‌పూర్‌లోనో నాసిక్‌లోనో కూర్చున్న క్లర్కుకు వాళ్లు ముగ్గురు మనుషులు.

పుట్టిన తేదీ ఇంకా ముఖ్యం. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే ఆమెకు 80 ఏళ్లు నిండితే మూల పెన్షన్ మీద 20 శాతం అదనంగా వస్తుంది. 85కు 30 శాతం, 90కి 40, 95కు 50, నూరేళ్లకు నూరు శాతం. ఈ వయసును లెక్కపెట్టేది రికార్డులో ఉన్న తేదీ బట్టి. పెళ్లినాడు అందాజుగా చెప్పిన వయసు రాసి ఉంటే, ఆమె అసలు వయసు కంటే ఆరేళ్లు తక్కువ పడి ఉంటే ఏమవుతుందో చూడండి. కనీస ఫ్యామిలీ పెన్షన్ 9,000 రూపాయలు. దానిలో 20 శాతం 1,800. ఆరేళ్లంటే 72 నెలలు. కనీసం 1,29,600 రూపాయలు, డీఆర్ కలపకుండానే. ఎవరూ ఎగ్గొట్టలేదు, ఎవరూ మోసం చేయలేదు. కాగితం మీద ఆమె చిన్నది, అంతే.

అసలు పేరే లేకపోవడం మరో రకం. సర్వీసులో ఉండగా పెళ్లి అయితే యూనిట్ వాళ్లు పార్ట్ టూ ఆర్డర్ వేసి రికార్డ్ ఆఫీసుకు పంపుతారు. పిల్లలు పుడితే కూడా అంతే. సెలవు మీద వచ్చి పెళ్లి చేసుకుని, తిరిగి పోయాక యూనిట్‌లో చెప్పడం మరిచినవాళ్లు, చెప్పినా ఆర్డర్ పడనివాళ్లు ఉన్నారు. రిటైర్ అయ్యాక పెళ్లి చేసుకున్నవాళ్లూ ఉన్నారు. మొదటి భార్య చనిపోయి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆమె డెత్ సర్టిఫికెట్, కొత్త పెళ్లి రిజిస్ట్రేషన్ రెండూ పెట్టాలి. రిటైర్ అయ్యాక చేసుకున్న భార్యకు కూడా ఫ్యామిలీ పెన్షన్ హక్కు ఉంది, పేరు ఎక్కించుకోవడమే మిగిలిన పని. మొదటి భార్య ఉండగా, విడాకులు లేకుండా చేసుకున్న రెండో పెళ్లిని మాత్రం రికార్డులోకి ఎక్కించరు. ఎవరైనా "మేం ఎక్కిస్తాం, పైసలియ్యి" అంటే నమ్మకండి.

వికలాంగులైన బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు ఒక మాట. ఆ బిడ్డ పేరును మీరు బతికి ఉండగానే పీపీఓలో రాయించుకోవచ్చు. మీ తర్వాత, మీ భార్య తర్వాత ఆ బిడ్డకు జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ రావడానికి అదే దారి. మెడికల్ బోర్డు సర్టిఫికెట్ కావాలి. ఈ పని వాయిదా వేస్తే తర్వాత చేసేటందుకు ఎవరూ ఉండరు.

అర్జీ ఎవరికి, ఎట్లా

సర్వీస్ రికార్డు మీ జిల్లాలో ఉండదు, మీ రెజిమెంట్ లేదా కోర్ రికార్డ్ ఆఫీసులో ఉంటుంది. మద్రాస్ రెజిమెంట్ వాళ్లది నీలగిరుల్లోని వెల్లింగ్టన్. ఆర్టిలరీ వాళ్లు ట్రైనింగ్ గోల్కొండలో చేసినా రికార్డులు నాసిక్ రోడ్‌లో ఉంటాయి. ఈఎంఈ, ఏఓసీ రెండూ సికింద్రాబాద్‌లోనే, మనకు దగ్గర. సిగ్నల్స్ జబల్‌పూర్, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ బెంగళూరు, ఆర్మీ మెడికల్ కోర్ లక్నో. ఎయిర్‌ఫోర్స్ ఎయిర్‌మెన్‌కు ఢిల్లీ సుబ్రొతో పార్క్. నేవీ సెయిలర్లకు ముంబై మాన్‌ఖుర్ద్. మీ డిశ్చార్జి బుక్ మీద ఉన్న ముద్ర చూస్తే ఏ ఆఫీసో తెలిసిపోతుంది.

ఆర్మీలో పెన్షన్ తీసుకుని మళ్లీ డీఎస్సీలో చేరి అక్కడ కూడా సర్వీసు పూర్తి చేసినవాళ్లు మన మండలాల్లోనూ ఉంటారు. మీకు రెండు రికార్డ్ ఆఫీసులు ఉన్నట్టు లెక్క; డీఎస్సీది కేరళలోని కన్నూర్. ఒకచోట భార్య పేరు సరిచేయించి రెండోచోట వదిలేస్తే రెండో పెన్షన్ దగ్గర మళ్లీ అదే గొడవ. ఒకే రోజు రెండు అర్జీలు పంపండి.

కమిషన్డ్ ఆఫీసర్లకు రికార్డ్ ఆఫీసు ఉండదు. ఆర్మీ ఆఫీసర్ల వివరాలు ఢిల్లీలో ఆర్మీ హెడ్‌క్వార్టర్స్ అడ్జుటెంట్ జనరల్ బ్రాంచి చూస్తుంది. జీతం, ఆఖరి వేతనం లెక్కలు పుణెలోని పీసీడీఏ ఆఫీసర్స్ కార్యాలయానివి. పెన్షన్ ఆర్డర్ ఇచ్చేది ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ పెన్షన్స్. కాబట్టి ఆఫీసర్ విషయంలో ఎవరికి రాయాలనేది తప్పును బట్టి ఉంటుంది. కుటుంబ వివరాలు ఢిల్లీకి, వేతనం లెక్క పుణెకు. ఎవరికి రాయాలో అర్థం కాకపోతే ఢిల్లీ కంటోన్మెంట్‌లోని ఆర్మీ వెటరన్స్ డైరెక్టరేట్‌కు రాస్తే వాళ్లు సంబంధిత బ్రాంచికి పంపుతారు. ఎయిర్‌ఫోర్స్ వాళ్లకు సుబ్రొతో పార్క్‌లో ఎయిర్ వెటరన్స్ డైరెక్టరేట్ ఉంది.

గౌరవ లెఫ్టినెంట్, గౌరవ కెప్టెన్ హోదా వచ్చినవాళ్లు తమను ఆఫీసర్ల లెక్కలో అనుకుని ఢిల్లీకి రాస్తుంటారు. మీ కాగితాలు మీ పాత రికార్డ్ ఆఫీసులోనే ఉన్నాయి, అక్కడికే రాయండి.

అర్జీ ఇంగ్లిష్‌లోగానీ హిందీలోగానీ ఉండాలి. తెలుగులో రాస్తే నాసిక్‌లో చదివేవాళ్లు దొరకరు. పిల్లలతోనో, చదువుకున్న పక్కింటి వాళ్లతోనో రాయించుకోండి. కథ అవసరం లేదు. మొదటి లైనులోనే సర్వీస్ నంబరు, ర్యాంకు, పేరు, పీపీఓ నంబరు, ఫోన్ నంబరు. తర్వాత మూడు ముక్కలు: రికార్డులో ఇప్పుడు ఎలా ఉంది, ఎలా ఉండాలి, దానికి ఆధారం జత చేసిన ఏ కాగితం. ఒక అర్జీలో ఒక్క మనిషి వివరాలే దిద్దమనండి. భార్య పేరు, కొడుకు తేదీ, ర్యాంకు అన్నీ ఒకే కాగితంలో కుక్కితే ఒకటి తేలక మిగతావి కూడా ఆగుతాయి.

జత చేయాల్సినవి మామూలుగా ఇవి: డిశ్చార్జి బుక్‌లో మీ పేరు, కుటుంబ వివరాలు ఉన్న పేజీల కాపీ, పీపీఓ కాపీ, భార్యాభర్తలిద్దరి ఆధార్, పాన్, జంటగా దిగిన ఫొటో, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, అఫిడవిట్. పేరు మార్పుకు ఒక తెలుగు పేపర్లో, ఒక ఇంగ్లిష్ పేపర్లో ప్రకటన అడుగుతారు. పుట్టిన తేదీకి టెన్త్ మెమోగానీ బర్త్ సర్టిఫికెట్‌గానీ. బడికి పోని ఆడవాళ్ల విషయంలో ఆధార్, పాన్, ఓటరు కార్డు, పాస్‌పోర్టు లాంటివి చూస్తారు. అవన్నీ ఒకే తేదీ చెప్పాలి. పెళ్లికి రుజువు పాత శుభలేఖ కాదు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. పెళ్లయి నలభై ఏళ్లయినా ఇప్పుడు రిజిస్టర్ చేయించుకోవచ్చు, మొహమాటపడొద్దు.

అఫిడవిట్ విషయంలో ఒక జాగ్రత్త. కొన్ని రికార్డ్ ఆఫీసులు నోటరీ ముందు చేసింది ఒప్పుకుంటాయి, కొన్ని ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ముందు చేసింది అడుగుతాయి. ముందు ఫోన్ చేసి కనుక్కున్నాకే స్టాంపు పేపర్ కొనండి.

ఇదంతా నేరుగా పోస్టులో పంపొచ్చు. కానీ మన ఉమ్మడి వరంగల్ ప్రాంతీయ సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా, వాళ్ల సంతకం, ముద్రతో పంపితే రెండు లాభాలు. కాగితం తక్కువ ఉంటే అక్కడే చెబుతారు. తర్వాత ఎవరు పంపారు, ఎప్పుడు పంపారు అనే నంబరు మీ చేతిలో ఉంటుంది. ఆ నంబరు, తేదీ రాసిపెట్టుకోండి. పోస్టులో పంపితే రిజిస్టర్డ్ లేదా స్పీడ్ పోస్ట్‌లోనే పంపి రసీదు దాచండి. అసలు కాగితాలు ఎవరికీ పంపకండి, ఎవరు అడిగినా.

రికార్డ్ ఆఫీసు ఒప్పుకుంటే రికార్డులో మార్పు నమోదు చేసి పెన్షన్ ఆఫీసుకు తెలుపుతుంది. అక్కడ కొరిజెండం పీపీఓ వస్తుంది. రికార్డ్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చిందని పని అయిపోయిందనుకోవద్దు. స్పర్శ్ ప్రొఫైల్‌లో కొత్త వివరం కనిపించిన రోజే పని పూర్తి అయినట్టు.

ఫోన్ నంబరు, చిరునామా, బ్యాంకు ఖాతా లాంటి మార్పులకు ఇంత దూరం పోనవసరం లేదు. స్పర్శ్ లాగిన్‌లో మీరే చేసుకోవచ్చు, లేదా కామన్ సర్వీస్ సెంటర్‌లో చేయించుకోవచ్చు.

మీ సొంత పుట్టిన తేదీ: ఈ మాట చాలామందికి నచ్చదు

"నేను పుట్టింది 1958, సర్టిఫికెట్‌లో 1956 అని వేశారు, దిద్దించండి" అని వచ్చేవాళ్లు చాలామంది. బడిలో చేర్చిన సారు తోచిన తేదీ వేయడం మన ఊళ్లలో కొత్త కాదు. కానీ భర్తీ రోజు రాసిన తేదీని సైన్యం ఆఖరి మాటగా తీసుకుంటుంది. దాన్ని మార్చమని అడగడానికి సర్వీసు మొదట్లోనే కొద్ది గడువు ఉంటుంది. రిటైర్ అయ్యాక మారడం జరగదనే అనుకోండి.

సైన్యాధిపతికే జరగలేదు. జనరల్ వి.కె. సింగ్ మెట్రిక్ సర్టిఫికెట్‌లో 1951 మే 10 ఉంది. ఎన్డీఏ దరఖాస్తులో 1950 మే 10 పడింది. అడ్జుటెంట్ జనరల్ బ్రాంచి రికార్డులో ఒక సంవత్సరం, మిలిటరీ సెక్రటరీ బ్రాంచి రికార్డులో ఇంకో సంవత్సరం, ఏళ్ల తరబడి అట్లనే నడిచింది. చివరికి ఆయన సుప్రీంకోర్టుకు పోయారు. 2012 ఫిబ్రవరి 10న కోర్టు జోక్యం చేసుకోనంది, ఆయన పిటిషన్ వెనక్కి తీసుకున్నారు, అదే సంవత్సరం మే 31న రిటైర్ అయ్యారు. ఆయన నిజాయితీని ఎవరూ శంకించలేదు. అసలు తేదీ ఏదో తేల్చడం కంటే ఇన్నాళ్లు ఏ తేదీ మీద సర్వీసు నడిచిందన్నదే లెక్కలోకి వచ్చింది.

కాబట్టి మీ రికార్డుకు, ఆధార్‌కు తేడా ఉంటే ఆధార్‌ను రికార్డుకు తగ్గట్టు మార్చుకోవడమే దారి. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్పు ఒక్కసారే ఇస్తారు, పేరు రెండుసార్లే. తొందరపడి ఆధార్ కేంద్రంలో ఏదో ఒక తేదీ వేయించుకుని ఆ ఒక్క అవకాశం పోగొట్టుకున్నాక దిద్దుకోవడం చాలా కష్టం. ఏ తేదీ వేయించాలో, దానికి ఏ పత్రం ఒప్పుకుంటారో ముందు తేల్చుకుని పోండి.

ఒక్క మినహాయింపు ఉంది. భర్తీ ఫారంలో, దానికి జత చేసిన సర్టిఫికెట్‌లో సరైన తేదీయే ఉండి, తర్వాత రిజిస్టర్లోకి ఎక్కించేటప్పుడు అంకె తప్పు పడితే అది చేతితప్పు. అది దిద్దుతారు. ఆ ఫారం కాపీ మీ దగ్గర ఉండదు కాబట్టి సమాచార హక్కు కింద అడగండి.

సర్వీసు కాలం, ర్యాంకు

పెన్షన్ రావడానికి జవాన్లకు 15 ఏళ్లు, ఆఫీసర్లకు 20 ఏళ్లు సర్వీసు కావాలి. ఆపైన ఒకే ర్యాంకు, ఒకే పెన్షన్ పట్టికలో మీ అంకె ర్యాంకు, గ్రూపు, సర్వీసు కాలం మూడింటి మీద ఆధారపడుతుంది. ఆ పట్టిక 2014 జూలై 1 నుంచి అమలైంది, 2019లో ఒకసారి, 2024లో ఒకసారి సవరించారు. సర్వీసు కాలాన్ని అర సంవత్సరం మెట్లుగా లెక్కిస్తారు: మూడు నెలలు నిండితే అర సంవత్సరం, తొమ్మిది నెలలు నిండితే పూర్తి సంవత్సరం. అంటే 16 ఏళ్ల 8 నెలలు 16న్నర, 16 ఏళ్ల 9 నెలలు 17. ఒక్క నెల తప్పు పడితే ఒక మెట్టు కిందికి దిగినట్టే, నెలనెలా ఆ తేడా పోతూనే ఉంటుంది.

పీపీఓలో క్వాలిఫైయింగ్ సర్వీసు అని ఉన్న అంకెను, చేరిన తేదీ నుంచి దిగిన తేదీ దాకా మీరు వేసిన లెక్కతో పోల్చండి. తక్కువ ఉంటే వెంటనే తప్పు అనకండి. సెలవు దాటి ఉండిపోయిన రోజులు, శిక్ష అనుభవించిన రోజులు తీసేస్తారు. ఏ రోజులు తీసేశారో అడిగి తెలుసుకోండి. అప్పుడు లెక్క కుదరకపోతే అర్జీ పెట్టండి.

గౌరవ ర్యాంకు రిటైర్ అయ్యాక ప్రకటిస్తే అది డిశ్చార్జి బుక్‌లో ఉండదు. హవల్దార్‌గా దిగి గౌరవ నాయబ్ సుబేదార్ వచ్చినవాళ్లకు పెన్షన్ నాయబ్ సుబేదార్ లెక్కన రావాలి. మీ పీపీఓలో ఇంకా హవల్దార్ అనే ఉంటే ప్రకటన కాపీతో రికార్డ్ ఆఫీసుకు రాయండి.

పెన్షన్ లేనివాళ్లు

పెన్షన్ రాకుండా మధ్యలో దిగినవాళ్లు, అలాంటివాళ్ల వితంతువులు, 65 దాటిన హవల్దార్ ర్యాంకు వరకు ఉన్నవాళ్లకు కేంద్రీయ సైనిక బోర్డు నుంచి పేదరిక సాయం ఉంది. 2025 నవంబర్ 1 నుంచి పెట్టిన దరఖాస్తులకు అది నెలకు 4,000 నుంచి 8,000 రూపాయలు అయింది. ఇక్కడ వయసు తేడా, భార్య పేరు తేడా ఉంటే దరఖాస్తు ముందుకు పోదు.

వీళ్లకు ఒక ఇబ్బంది ఎక్కువ. పెన్షన్ లేనివాళ్ల సర్వీస్ కాగితాలను 25 ఏళ్లు ఉంచి తీసేయడం సైన్యం నియమం. ఆ తర్వాత మిగిలేది లాంగ్ రోల్, అంటే పేరు, నంబరు, చేరిన, దిగిన వివరాలున్న పెద్ద రిజిస్టర్. డిశ్చార్జి బుక్ పోయిందని ఆశ వదులుకోవద్దు. లాంగ్ రోల్ నుంచి సర్టిఫికెట్ ఇమ్మని రికార్డ్ ఆఫీసును అడగండి. నంబరు గుర్తులేకపోతే పాత ఉత్తరాలు, మనీఆర్డర్ కూపన్లు, ట్రంకు పెట్టె మీద రంగుతో రాసిన అంకె, మెడల్ అంచున చెక్కిన అంకె, ఇవన్నీ వెతకండి. మెడల్ మీద నంబరు ఉంటుంది.

జవాబు రాకపోతే

రెండు నెలలు చూడండి. తర్వాత సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో ఒక అర్జీ: "ఫలానా తేదీన నేను పంపిన దరఖాస్తు మీద ఏం చర్య తీసుకున్నారు, నా రికార్డులో కుటుంబ వివరాల పేజీ కాపీ ఇవ్వండి." 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లు దారిద్ర్యరేఖ రుజువు పెడితే ఫీజు లేదు. చాలాసార్లు ఈ అర్జీ పోయాకే అసలు ఫైలు కదులుతుంది.

కదలకపోతే సీపీగ్రామ్స్ పోర్టల్‌లో మాజీ సైనికుల సంక్షేమ విభాగం మీద ఫిర్యాదు పెట్టొచ్చు. రక్షణ పెన్షన్ సమాధాన్ కార్యక్రమాలు జరిగినప్పుడు సైనిక సంక్షేమ కార్యాలయంలో ముందే పేరు రాయించుకుని పోవచ్చు.

కాదని రాతపూర్వకంగా జవాబు వస్తే, అది తప్పని మీకు ఆధారం ఉంటే, సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. మనకు చెన్నై బెంచి. ఆఖరి జవాబు వచ్చిన ఆరు నెలల్లో వెళ్లాలి. అర్జీకి ఆరు నెలలు జవాబే రాకపోయినా వెళ్లొచ్చు. ఆలస్యం చేస్తే బకాయిలు పోతాయి. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, పెన్షన్ తప్పు నెలనెలా కొనసాగేదే అయినా కేసు వేయడానికి ముందు మూడేళ్ల బకాయిలే ఇస్తారు. పదేళ్లు ఊరుకుంటే ఏడేళ్లవి వదులుకున్నట్టే.

ఇంకొక జాగ్రత్త. "స్పర్శ్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, మీ వివరాలు కలవడం లేదు, ఓటీపీ చెప్పండి, లేకపోతే పెన్షన్ ఆగుతుంది" అని ఫోన్లు వస్తాయి. ఏ ఆఫీసూ ఓటీపీ అడగదు. ఫోన్ పెట్టేయండి. పెన్షన్ ఖాతాకు ఉన్న సెల్ నంబరు కొడుకుదో అల్లుడిదో అయితే ఈ మాట వాళ్లకు కూడా చెప్పండి. ఆ నంబరు మీదిగా మార్చుకుంటే ఇంకా మంచిది.

ఈ పీడీఎఫ్ చదివినవాళ్లు ఇవాళ రాత్రే డిశ్చార్జి బుక్, పీపీఓ బయటికి తీసి, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె పేరు, ఆమె పుట్టిన తేదీ ఉన్న లైను ఆమెకే చదివి వినిపించండి. సరిగా ఉందో లేదో ఆమే చెబుతుంది.